పాతరేవు మీది ఎర్ర గీతలు

ఎక్కడా లేని నగరంలో ఒక పేట ఉందా లేదా అని ఆదిలాబాద్‌లో ఉండే ఒక మనిషితో నేను నెలన్నర పాటు కొట్లాడాను. నాకు కోపం ఎక్కువని ముందే చెబుతున్నాను. కరెంటు పోతే మీటరు డబ్బాను కూడా నిలబడి తిట్టే రకం. అయినా ఈ గొడవలో న్యాయం మొత్తం నా దిక్కే ఉందని చివరి ఆదివారం మధ్యాహ్నం దాకా నాకు రవ్వంత అనుమానం కూడా రాలేదు.

సంగతేమిటంటే, ఒక వీడియో గేమ్ ఉంది. ఇప్పటికి మూడు భాగాలు వచ్చాయి. మొదటిది నేను డిగ్రీ చదివేటప్పుడు కరీంనగర్ బస్టాండు దగ్గర ఒక నెట్ సెంటర్లో కూర్చుని ఆడాను. మూడోది పెళ్లి, ఫ్లెక్సీల దుకాణం, బీపీ అన్నీ వచ్చాక ఇంట్లో టీవీకి పెట్టుకుని ఆడుతున్నాను. ఆటలో మనం ఒక పోస్ట్‌మన్. సైకిలు మీద నగరమంతా తిరిగి ఉత్తరాలు పంచాలి. మధ్యలో కుక్కలు తరుముతాయి, దొంగలు సంచీ లాక్కుంటారు, పై ఆఫీసరు ఊరికే తిడుతుంటాడు. ఇందులో ఏముందని మా ఆవిడ అడుగుతుంది. ఏముందో తెలియదు కానీ ఒకసారి కూర్చుంటే అన్నం చల్లారిపోతుంది.

మూడు భాగాల్లోనూ నగరం ఒకటే. నది ఒడ్డున పాతరేవు అనే పేట ఉండేది. మొదటి భాగంలో నేను ఎక్కువసేపు తిరిగింది అక్కడే. సైకిలు హ్యాండిలు గోడకు గీసుకునేంత ఇరుకు సందులు, ప్రతి మలుపులో బట్టలారేసిన తాళ్లు, మూల మీద రొట్టెలు అమ్మే ఒక ముసలమ్మ. చక్రం ఆమె గంపకు తగిలిందా, తాతముత్తాతల దాకా తిట్టేది. రెండో భాగంలో నదికి అడ్డంగా ఒక గోడ లేచింది. మూడో భాగం మొదలుపెట్టేసరికి పాతరేవు లేదు. ఆ చోట నీళ్లున్నాయి. ఆట తయారుచేసినవాళ్లు దాని గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

ఈ ఆటంటే పిచ్చి ఉన్నవాళ్లు నడిపే ఒక వెబ్‌సైటు ఉంది. దానిలో తెలుగు పేజీలు రాసేవాళ్లం ఐదుగురం. మాకు పెద్ద ఆ ఆదిలాబాద్ ఆయన. ఆయన జిన్నింగు మిల్లులో పనిచేస్తాడు. పత్తి బండి యార్డులోకి వచ్చిందంటే గుప్పెడు తీసి, పిసికి చూసి, తేమ ఎంతో చెప్పి, ఇది ఈ కుప్పలో వెయ్యి, అది ఆ కుప్పలో వెయ్యి అనడమే ఉద్యోగం. పొద్దంతా పత్తిని వేరుచేసిన చెయ్యి ఇంటికొచ్చాక ఊరుకోదు కదా, నగరాన్ని కూడా అట్లాగే వేరుచేశాడు. నడిబొడ్డు, పేటలు, శివార్లు, అప్రధానం, తొలగించినవి, ఇట్లా ఐదు కుప్పలు. తాజా భాగంలో అడుగు పెట్టడానికి వీల్లేని చోటు ఏదైనా సరే తొలగించిన వాటిలోకి పోవాలని ఆయన పెట్టిన రూలు. ఆ లెక్కన పాతరేవు తొలగించిన వాటిలోకి పోవాలి.

నేను ఒప్పుకోలేదు. పేటల జాబితాలోనే ఉండాలన్నాను. ఆయన మార్చాడు, నేను మళ్లీ మార్చాను. ఒక రోజైతే పదకొండుసార్లు మార్చుకున్నాం, దుకాణంలో ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ మీద పేరు తప్పు పడింది కూడా ఆ రోజే. ఆయన ఫోన్ చేశాడు.

"అరె భావ్, నీళ్ల మీద సైకిల్ ఎట్ల తొక్కుతవ్? తొక్కరానిది పేట ఎట్లయితది?" అన్నాడు.

ఆ 'భావ్' అనడం మరాఠీ వాళ్ల అలవాటు, ఆదిలాబాద్‌లో అందరికీ అంటుకుంది. అన్నా అనడమే. మర్యాదగానే అన్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండి ఫోన్ పెట్టేశాను.

ఎందుకు మండిందో ఆయనకు చెప్పలేదు. మాది ముంపు ఊరు. డ్యాం కట్టినప్పుడు ఊరు ఊరంతా నీళ్ల కిందికి పోయింది. మమ్మల్ని తెచ్చి కరీంనగర్‌కు అరగంట దూరంలో కాలనీలో పెట్టారు. పద్నాలుగు లైన్లు, అన్నీ ఒకటే కొలత ప్లాట్లు. ఎవరికి ఏ ప్లాటు అనేది చిట్టీలు తీసి ఇచ్చారు కాబట్టి పక్కపక్క ఇళ్లవాళ్లు చెల్లాచెదురయ్యారు. అయినా మావాళ్లలో ఎవరినైనా మీ ఇల్లెక్కడ అని అడగండి, ఆరో లైను అని చచ్చినా అనరు. చావడి వెనక అంటారు. చావడి ఇప్పుడు నలభై అడుగుల నీళ్ల కింద ఉంది. ఆన్‌లైన్ పార్సిలు తెచ్చేవాళ్లకు మా కాలనీ అంటే దడ. మా అవ్వ, అంటే మా అమ్మ, ఒకాయనకు ఫోన్లో పెద్దబాయి కాడికి వచ్చి కుడిచేతి దిక్కు తిరుగుమని చెప్పింది. పాపం ఆయన ఎప్పుడో మునిగిన ఆ బావిని వెతుక్కుంటూ పద్నాలుగు లైన్లూ రెండుసార్లు తిరిగి, పార్సిలు వాపసు పంపి వెళ్లిపోయాడు. అందులో నా బీపీ మెషీన్ ఉంది.

ఇట్లాంటి ఊరివాణ్ని పట్టుకుని, నీళ్లున్నాయి కాబట్టి పేట లేదు అంటే ఎట్లా ఊరుకుంటాను? మాది ముంపు ఊరని ఒక్క మాట చెబితే ఆయన అయ్యో అని జాలిపడి ఒప్పుకునేవాడేమో. జాలితో గెలిస్తే నాకు తిన్నది అరగదు. పాతరేవు పేటల్లోనే ఉండాలి, న్యాయంగానే ఉండాలి. ఆ నెలన్నర నాకు కావాల్సింది ఈ భూమ్మీద అదొక్కటే.

చివరికి ఆయనే దారి చూపించాడు. ఆదివారం కరీంనగర్‌లో ఫంక్షన్ హాలులో వాళ్ల చుట్టాల పెళ్లి ఉందని, ముహూర్తానికి ముందు మా ఇంటికి వస్తానని, ఎదురెదురుగా కూర్చుని తేల్చుకుందామని అన్నాడు. నగరం మ్యాపు ఒకటి పెద్దగా ప్రింటు తీసి పెట్టమన్నాడు. ఆ రోజు ఏది ఖాయమైతే అదే ఆఖరు, మళ్లీ మార్చుకోవడాలు లేవు. నేను సరేనన్నాను.

ప్రింటు తీయడం నాకు చెప్పాలా. దుకాణంలో మిగిలిన ఫ్లెక్సీ ముక్క మీద ఎనిమిది అడుగుల వెడల్పుతో కొట్టాను. నడిబొడ్డు పసుపు, పేటలు పచ్చ, శివార్లు గోధుమ రంగు, నది నీలం. పాతరేవు మీద మాత్రం ఇంకా తేలలేదు కాబట్టి నీలం పైనే అడ్డంగా ఎర్ర గీతలు వేశాను. మూలన ఏ రంగు దేనికో రాయాలి కదా, ఎర్ర గీతల పక్కన ఆయన పెట్టిన పేరే పెద్ద అక్షరాలతో 'తొలగించిన ప్రాంతాలు' అని రాసి, దాని కింద చిన్నగా ఒక ప్రశ్న గుర్తు పెట్టాను. ఆ ప్రశ్న గుర్తు నా నిరసన. కొత్త ఫ్లెక్సీ వాసన కొడుతుంది, మడతలు కూడా పోవాలి. అందుకని ఆదివారం పొద్దున మా ప్రహరీ గోడకు, వీధి దిక్కు, తాడుతో కట్టి ఆరబెట్టాను. కట్టేసి కోడికూరకు పోయాను. కొట్లాట కొట్లాటే, ఇంటికొచ్చిన మనిషికి కూర వండకుండా పంపడం మా ఇంట్లో లేదు.

తిరిగి వచ్చేసరికి మా ఇంటి ముందు ముప్పై నలభై మంది ఉన్నారు. దూరం నుంచి చూసి మా నాన్నకే, బాపు అనే పిలుస్తాం, ఏదో అయిందనుకున్నాను. దగ్గరికి వెళ్తే అందరూ గోడ దిక్కు తిరిగి మ్యాపు చూస్తున్నారు. ఒకాయన వేలు పెట్టి ఇది మన వాటర్ ట్యాంకు అంటున్నాడు. అది ఆటలో గడియారం స్తంభం. ఇంకొకాయన ఇది బడి, ఇది మన పదో లైను అని చుట్టూ ఉన్నవాళ్లకు చెబుతున్నాడు. అది సర్కస్ మైదానం. ఆడవాళ్లు నీలం రంగునే చూస్తున్నారు. నాలుగో లైనులో ఉండే పెద్దవ్వ, మాకు చుట్టమేమీ కాదు, ఊరందరికీ పెద్దవ్వే, నా చేతిలోని కోడికూర సంచీ పట్టుకుని ఆపింది.

"కొడుకా, మల్ల ముంచుతుండ్రా?"

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత మ్యాపు దిక్కు చూస్తే మొత్తం అర్థమైంది. నీలం రంగు, దాని మీద ఎర్ర గీతలు, పక్కన తొలగించిన ప్రాంతాలు. ఇంకే ఊళ్లోనైనా దాన్ని చూస్తే కొత్త వెంచరు అనుకుని గజం ఎంత అని అడిగేవాళ్లు. మావాళ్లు తమ కాలనీని అందులో వెతుక్కుని, ఏ ఇల్లు గీతల కింద ఉందో, ఏది బయట ఉందో లెక్క తేల్చుకుంటున్నారు. నా ప్రశ్న గుర్తును చూసి, ఇంకా ఖాయం కాలేదట, ఆపుకోవచ్చు అని కొందరు ధైర్యం కూడా చెబుతున్నారు. అప్పటికే సగం మంది సర్కస్ మైదానంలో పడ్డ తమ ఇళ్లు బతికాయని నిమ్మళమయ్యారు, మిగిలిన సగం మంది ఆ బతికినవాళ్లతో మాట్లాడటం మానేశారు.

అంతలో బాపు ఇంట్లోంచి బయటకు వచ్చాడు. తెల్ల చొక్కా తొడిగాడు. చంకలో కాగితాల బ్యాగు ఉంది. ఊరు మునిగే ముందు ఆరేళ్లు ఆ బ్యాగు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాడు. కాలనీకి వచ్చిన రోజు దాన్ని బీరువా మీద పడేసి ఇక దీని మొఖం చూడను అన్నాడు, నిజంగానే చూడలేదు. ఇప్పుడు దుమ్ము దులిపి తెచ్చాడు. ఆదివారం ఆఫీసులుండవని కూడా గుర్తులేదు మనిషికి. ఆ బ్యాగును చూసి నాకు నవ్వు రాలేదు.

నేను కూర సంచీ అరుగు మీద పెట్టి గట్టిగా అరిచి చెప్పాను. ఇది మన కాలనీ కాదు, ఇది ఏ ఊరూ కాదు, ఇది ఆట, టీవీలో ఆడేది, ఎవరూ ఎవర్నీ ముంచడం లేదు అన్నాను. తర్వాత తిట్లు మొదలయ్యాయి. పెళ్లయినోడివి ఆటలేందిరా అని ఒకరు, గోడకెందుకు కట్టినవురా అని ఒకరు, పొయ్యి మీద పాలు పొంగిపోయినయి అని ఒకామె. అన్నీ పడ్డాను. పడాల్సిందే. బాపు మాత్రం తిట్టలేదు. బ్యాగు చంకలోనే పెట్టుకుని మ్యాపు దగ్గరికి వెళ్లి, ఎర్ర గీతల మీద చెయ్యి పెట్టాడు.

"ఆటల గూడ డ్యామే కట్టిండ్రా? మరి గీ మనుషులను ఎటు పంపిండ్రు?"

నాకు తెలియదు. ఇన్నేళ్లుగా ఆడుతున్నాను, వాళ్ల తరఫున నెలన్నరగా ఆదిలాబాద్‌తో యుద్ధం చేస్తున్నాను, వాళ్లు ఎటు పోయారని ఒక్కసారి కూడా అనుకోలేదు.

సరిగ్గా అప్పుడే ఆదిలాబాద్ ఆయన వచ్చాడు. ఆటో దిగాడు. సిల్కు లాల్చీ, చేతిలో గిఫ్టు ప్యాకు, ఇంకో చేతిలో అట్టకు క్లిప్పు పెట్టిన జాబితా. ఫోన్లో గొంతు విని కోరమీసాల మనిషిని ఊహించుకున్నాను. నా భుజం దాకా కూడా రాడు. తన మ్యాపు ముందు నలభై మంది నిలబడి వాదించుకోవడం చూసి ఆయన కళ్లు చెమర్చాయి. ఇంతమంది ఆడతారా భావ్, ఈ రెండు జిల్లాల్లో మనమిద్దరమే అనుకున్నాను అన్నాడు. ఆయన అనుకున్నది అట్లా ఉంటే, చేతిలో అట్ట, జేబులో రెండు పెన్నులు చూసి మావాళ్లు ఆయన్ని సర్వే ఆఫీసరు అనుకున్నారు. ఇప్పుడే ఇది ఆట అని చెప్పాను కదా, అయినా అట్ట కనపడితే మావాళ్లకు ఏదీ ఆట కాదు. ఎవరో కుర్చీ తెచ్చారు. ఎవరో చల్లటి మజ్జిగ తెచ్చారు. ఆయన కూర్చుని, ఫ్యాన్సు ఇంత మర్యాద చేస్తారని ఊహించలేదని నా చెవిలో చెప్పి, తన ఐదు కుప్పల గురించి ఉపన్యాసం మొదలుపెట్టాడు.

నడిబొడ్డు దాకా బాగానే సాగింది. పేటల దగ్గర ఒకాయన లేచి, మా ఇల్లు ఏ కుప్పలో పడ్డది సారు అని అడిగాడు. ఏ భాగంలో అడుగుతున్నారు అని ఈయన అడిగాడు. తూర్పు భాగంలో అని ఆయన చెప్పాడు. ఇద్దరూ చాలాసేపు అట్లా మర్యాదగా మాట్లాడుకున్నారు. నేను కల్పించుకుని ఇటు విషయం అటు, అటు విషయం ఇటు చెప్పేసరికి ఆదిలాబాద్ ఆయన మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాడు. ముంపు ఊరా అని మెల్లగా అడిగాడు. అవునన్నాను. ఈ నెలన్నరలో ఒక్కసారైనా చెప్పలేదేంది అన్నాడు. చెబితే జాలిపడేవాడివి అన్నాను. పడేవాడినే అని ఒప్పుకున్నాడు.

అయినా మనిషి మొండి, రూలు వదల్లేదు. అది నాకు నచ్చింది కూడా, కోపం వేరే సంగతి. తడిసిన పత్తిని పొడి కుప్పలో వేస్తే మొత్తం కుప్ప పాడవుతుంది, బాధతో వేసినా పాడే అవుతుంది అన్నాడు. నేను అప్పుడు ఇక ఆగలేదు. మా ఊరు నీళ్లలో ఉందని మా ఊరు లేదంటావా, ఈ నలభై మందిని అడుగు, వీళ్లది ఏ ఊరో అడుగు అని కేకలేశాను. నా మెడ నరాలు ఉబ్బాయని అవ్వ తర్వాత చెప్పింది. చుట్టూ ఉన్నవాళ్లు అవునవును అన్నారు. ఇక తీర్పు చెప్పమని అందరూ బాపు దిక్కు చూశారు. నేను కూడా చూశాను. ఆరేళ్లు ఆ బ్యాగు మోసిన మనిషి ఏమంటాడో నాకు తెలియదా? గెలిచాననుకున్నాను.

"లేదు అనే రాయి," అన్నాడు బాపు.

నేను సరిగ్గా విన్నానా అని మళ్లీ అడిగాను. మళ్లీ అదే అన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, సిగ్గు లేకుండా చెబుతున్నాను. నలభై మంది ముందు సొంత బాపు నన్ను ఓడగొట్టాడు. ఎందుకు అని అరిచాను. ఆయన అరవలేదు. కుర్చీలో ఉన్నాయన్ని లేవవద్దని చేత్తో ఆపి, గోడకు ఆనుకుని చెప్పాడు.

"ఆరేండ్లు తిరిగిన. పోయిన కాడల్లా మా ఊరు ఉన్నదని కాయితం చూపిచ్చిన. ఎవ్వడు లేదనలే. ఉన్నదన్నరు, సంతకం పెట్టి పంపిచ్చిండ్రు. నువ్వు గూడ ఉన్నదని రాస్తే సదివినోడు ఓహో ఉన్నది, మంచిగనే ఉన్నది అనుకొని పోతడు. మనుషులు ఎటువోయిండ్రని ఒక్కడడగడు. లేదని రాయి. ఎందుకు లేదో రాయి. ఎన్ని ఇండ్లో, ఎటు పంపిండ్రో రాయి."

ఆదిలాబాద్ ఆయన జాబితా తిప్పి వెనక తెల్ల వైపు తీశాడు. ఆరో కుప్ప పెడదాం భావ్ అన్నాడు. ఐదు కుప్పలకు మించి ఒప్పుకోనని నెలన్నర నా ప్రాణం తీసిన మనిషి ఇట్లా ఒక్క ముక్కతో ఒప్పుకున్నాడు. పేరు 'మునిగినవి' అని పెట్టాడు. కానీ పేరు పెట్టగానే అయిపోలేదు. ఎన్ని ఇళ్లు, ఎటు పంపారు, ఈ రెండూ తెలియకుండా రాయవద్దని బాపు అప్పటికే పట్టుబట్టాడు. పెళ్లి ముహూర్తం ఎన్నింటికని ఆదిలాబాద్ ఆయన్ని అడిగాను. దాటిపోయింది, భోజనాలు నడుస్తుంటయి, పోనియ్యి అన్నాడు.

చెప్పులు విడిచి అందరూ మా హాల్లోకి వచ్చారు. పట్టినవాళ్లు పట్టారు, పట్టనివాళ్లు కిటికీ దగ్గర నిలబడ్డారు. ముందు మొదటి భాగం పెట్టాను. పాతరేవులో ఒక్కో సందులో నేను సైకిలు తొక్కుతుంటే హాలంతా తలుపులు లెక్కపెట్టింది. తేడా వస్తే మళ్లీ సందు మొదటికి తిప్పమనేవాళ్లు. రొట్టెల ముసలమ్మ గంపకు చక్రం తగిలి ఆమె తిట్టినప్పుడు మాత్రం లెక్క మొత్తం పోయింది, ఎందుకంటే పెద్దవ్వ తిరిగి తిట్టింది. అట్లా యాభై ఏడు తలుపులు తేలాయి. నాలుగు మాత్రం దుకాణాలవని ఒక వర్గం, పైన మనుషులుంటారు కాబట్టి ఇళ్లేనని ఒక వర్గం. ఆదిలాబాద్ ఆయన నలిగిపోయి, ఇళ్లే అని రాశాడు.

తర్వాత మూడో భాగం పెట్టాను. మనుషులు ఎటు పోయారో వెతకాలి. నడిబొడ్డు చూశాం, పేటలు చూశాం. శివార్లు దాటి, ఇటుక బట్టీల వెనక నుంచి పోతుంటే పెద్దవ్వ ఆపు అంది. అక్కడ ఏమీ లేదు పెద్దవ్వా, ఊరికే ఇళ్లు, ఆటలో దాంతో పనేం లేదు అన్నాను. నిజమే, నేనే దానికి పేజీ రాశాను. కొత్త బస్తీ, చూడదగినది ఏమీ లేదు అని ఒక్క లైనులో ముగించి, అప్రధానం కుప్పలో నా చేత్తోనే పడేశాను. వందసార్లు దాని మీదుగా తొక్కుకుంటూ పోయాను.

"ఒక్క తీరు గోడలు, ఒక్క తీరు తలుపులు. గివి మనసొంటి ఇండ్లే గద కొడుకా," అంది పెద్దవ్వ.

సైకిలు దించి నడిపించాను. నిజంగానే లైన్లు లైన్లుగా ఒకటే కొలత ఇళ్లు. నాలుగో లైనులో, గంప లేకుండా, గడప మీద ఊరికే కూర్చుని రొట్టెల ముసలమ్మ ఉంది. చక్రం తగిలించి చూశాను. తిట్టలేదు. తలెత్తి చూసి మళ్లీ దించుకుంది. నాకు నా మీదే అసహ్యం వేసింది, దాచుకునేదేముంది. ఆదిలాబాద్ ఆయన అట్ట మీద రాసుకున్నాడు. రాసి, కళ్లజోడు తీసి లాల్చీ అంచుతో తుడుచుకున్నాడు.

పేజీని ఇద్దరం కలిసి అక్కడే ఫోన్లో మార్చాం. పాతరేవు, మునిగినవి. రెండో భాగంలో కట్టిన గోడ వల్ల మునిగింది. యాభై ఏడు ఇళ్లు. మనుషులను ఇటుక బట్టీల వెనక కొత్త బస్తీకి పంపారు. బాపుకు చదివి వినిపించాను. ఇగ సరిపోయింది అన్నాడు. ఆదిలాబాద్ ఆయన కోడికూరతో రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిని, గిఫ్టు ప్యాకు మా ఇంట్లోనే మరిచిపోయి, నాలుగింటి బస్సుకు వెళ్లిపోయాడు. అది పెళ్లికొడుకు దాకా ఎట్లా చేరింది అనేది ఇంకో రామాయణం.

అందరూ వెళ్లాక నేను గోడకున్న ఫ్లెక్సీ విప్పుతుంటే బాపు అరుగు మీద కూర్చుని పిలిచాడు. మనదానిది కూడా ఇట్లాగే రాయమన్నాడు. మన ఊరి గురించి ఎక్కడా రాసి లేదా అని అడిగాను. సర్వే నంబర్లు ఉన్నాయి, ఇళ్లు లేవు అన్నాడు. దుకాణంలో ఆర్డర్లు రాసుకునే పుస్తకం తెచ్చాను. ఇంటాయన పేరు, అర్రలు అంటే గదులు ఎన్ని, చెట్లు ఏమున్నాయి, బాయి ఉందా, ఇట్లా గీతలు గీయించాడు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి అంటే, బస్సు దిగిన కాడి నుంచి అన్నాడు.

బస్సు దిగితే ఎడమ దిక్కు మొదటి ఇల్లు ఎవరిదో నాకు గుర్తుంది. ఆయనకూ మా బాపుకూ పొలం గట్టు దగ్గర పంచాయితీ అయి, నేను బడికి పోకముందే మాటలు బందయ్యాయి. ఊరు మునిగింది, గట్టూ మునిగింది, పొలాలూ మునిగాయి, ఇద్దరిలో ఒక్కడూ తగ్గలేదు. ఇప్పుడాయన తొమ్మిదో లైనులో ఉంటాడు. పొద్దున కూడా మ్యాపు దగ్గర ఒక చివర ఆయన, ఇంకో చివర బాపు నిలబడ్డారు.

ఆ ఇల్లు వదిలి రెండోదాని నుంచి రాయమన్నాడు బాపు. రాశాను. రెండోది, మూడోది, నాలుగోది. ఎవరింట్లో మామిడి చెట్టు, ఎవరి అర్ర కూలితే మళ్లీ కట్టారు, ఒక్కటీ మరిచిపోలేదు. ఏడో ఇంటి దగ్గర ఆగిపోయాడు. పుస్తకంలోకి వంగి చూసి, పైన జాగ ఉందా అని అడిగాడు. ఉందన్నాను.

"రాయి వానిది గూడ. వాడు గూడ మునిగిండు."

పేరు రాశాను. అర్రలెన్ని అని అడిగాను. బాపు చాలాసేపు ఆలోచించాడు. మూడా, నాలుగా, వెనక కొట్టం కలిపితే ఎన్ని అని వేళ్లు మడిచి చూసుకున్నాడు. ఆ గడప తొక్కి ముప్పై ఏళ్లు దాటింది, ఎట్లా గుర్తుంటుంది? పుస్తకం నా చేతిలోంచి తీసుకున్నాడు, పెన్ను చెవి మీద పెట్టుకున్నాడు, చెప్పులు తొడుక్కుని గేటు తీశాడు. ఎక్కడికని అవ్వ లోపలి నుంచి అడిగింది. అర్రలు అడిగి వస్తానని చెప్పి తొమ్మిదో లైను దిక్కు నడిచాడు.